ముక్కులో కాలువ

కర్నూలు,
పుష్యమాసం

పెద్దోడా, చిన్నోడా,

మొన్న రాత్రి ఫోన్లో చిన్నోడు అడిగాడు కదా: "తాతా, రెండు రోజుల నుంచి కారుతానే ఉంది. నా ముక్కులోకి ఇన్ని నీళ్ళు యాడ నుంచి వస్తాండాయి?" అని. నేను నోరు తెరిచేలోపే తుమ్మాడు. తుమ్మి, ముక్కును వాళ్ళన్న స్కూలు చొక్కాకు తుడిచాడు. పెద్దోడు అరిచాడు, మీ అమ్మ ఫోన్ లాక్కుంది. అందుకే ఈ ఉత్తరం.

మన ఇంటి వెనక పారే కేసీ కాలువ, అదే కర్నూలు-కడప కాలువ, గుర్తుంది కదా. సుంకేసుల దగ్గర తుంగభద్రలో మొదలై, కర్నూలు మీదుగా మీ కడప దాకా మూడు వందల కిలోమీటర్లు నడుస్తుంది. 1860ల్లో తవ్వారు, పొలాలకే కాదు, పడవలు తిరగడానికి కూడా. చిన్నోడా, నీ ముక్కులో ఉన్నదీ అలాంటి కాలువే. జలుబు లేని రోజు కూడా పారుతూనే ఉంటుంది. ముక్కు లోపలి పొర రోజుకు లీటరు దాకా పలచటి జిగురు ఊరుస్తుంది. దుమ్మూ పొగా దానికి అతుక్కుంటాయి. కంటికి కనబడనంత సన్నటి వెంట్రుకలు, గాలికి వరిచేను ఊగినట్టు ఊగుతూ, దాన్ని వెనక గొంతులోకి నెడతాయి. మనకు తెలియకుండానే మింగేస్తాం. ఛీ అనొద్దు, అది మంచిదే.

కాలువకు లస్కర్ ఉంటాడు, అంటే నీళ్ళు వదిలే మనిషి. తూము దగ్గర చెత్త చేరితే షట్టర్ ఎత్తి, నీళ్ళు జోరుగా వదిలి కొట్టుకుపోయేలా చేస్తాడు. జలుబు వైరస్ దిగినప్పుడు నీ ముక్కులో జరిగేదీ అదే. షట్టర్ పూర్తిగా లేస్తుంది. ఆ వెంట్రుకలు అన్ని నీళ్ళను వెనక్కి నెట్టలేవు, ముందుకు పొర్లుతాయి. మూడు నాలుగు రోజులకు చిక్కబడి పచ్చగా మారితే మీ అమ్మకు టెన్షన్. పోరాడి పడిపోయిన తెల్ల రక్తకణాల రంగు అది. ఆ రంగు చూసి యాంటీబయాటిక్ కోసం పరిగెత్తొద్దని చెప్పండి, వైరస్ మీద అది పనిచేయదు. వారం పది రోజుల్లో తగ్గిపోతుంది. డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తుంటే మాత్రం అర్ధరాత్రైనా డాక్టరు దగ్గరికి పోవాలి.

నా చిన్నప్పుడు ఈ నెలలో నేనూ మా అన్నా తెల్లారకముందే కాలువలో దిగేవాళ్ళం. నీళ్ళ మీద పొగ లేచేది. కాళ్ళు కొంకర్లు పోతున్నా గుల్లలు ఏరేవాళ్ళం. ఇంటికొచ్చి తుమ్మితే మా అమ్మ కాలువను తిట్టేది. వాము వేయించి, పాతగుడ్డలో మూటకట్టి, కాలుతుండగానే నా అరచేతిలో పెట్టి వాసన చూడమనేది. కళ్ళలో నీళ్ళు తిరిగేవి. అసలు ఆ జలుబు బడి నుంచి మా అన్న తెచ్చింది. చలికి తలుపులు బిగించి అందరం ఒకే దుప్పటి కింద పడుకుంటే అంటుకోక ఏమవుతుంది? పాపం, ఆ నింద అంతా కాలువ మోసింది. ఇప్పుడు అందులో జనం ప్లాస్టిక్ కవర్లు విసురుతుంటే నాకు కడుపు రగిలిపోతుంది.

చిన్నోడా, జేబులో ఒక గుడ్డముక్క పెట్టుకో. తుమ్మొస్తే మోచేతి మడతలో తుమ్ము. సబ్బుతో చేతులు కడుక్కో. పెద్దోడా, తమ్ముణ్ణి చీమిడిముక్కోడా అనొద్దు. మీ వయసు పిల్లలకు ఏడాదికి ఆరేడు సార్లు జలుబు మామూలే, రేపు నీ వంతు.

వంతు అంటే గుర్తొచ్చింది. కాలువలో నీళ్ళు తక్కువైనప్పుడు ఈ వారం వీళ్ళ పొలాలకు, వచ్చే వారం వాళ్ళ పొలాలకు వదులుతారు. మీ ముక్కు రంధ్రాలు కూడా అచ్చం అలాగే వంతులేసుకుంటాయి! కొన్ని గంటలు ఒకటి గాలి ఎక్కువ తీసుకుంటుంది, రెండోది కాస్త బిగుసుకుని అలుపు తీర్చుకుంటుంది. తర్వాత మారతాయి. పుట్టినప్పటి నుంచి మీ ముఖం మీదే ఇది జరుగుతోంది.

రేపు పొద్దున నిద్ర లేవగానే స్టీలు పళ్ళెం ముక్కు కింద అడ్డంగా పట్టి, నోరు మూసుకుని మెల్లగా ఊపిరి వదలండి. రెండు మసక మచ్చలు పడతాయి. ఏది పెద్దదో రాసుకోండి. బడి నుంచి వచ్చాక మళ్ళీ చూడండి. చిన్నోడు ముక్కు ఆరేదాకా ఆగాలి. పెద్దోడా, నువ్వు ముందు చూసి, నాకు సాయంత్రం ఫోన్ చెయ్యి.

మీ తాత