ఎర్రచుక్క పిస్తోలును ఎంత దూరంలో జీరో చేయాలి?

పిస్తోలు పైన ముందుకూ వెనక్కూ జరిగే స్లైడు మీద, అద్దంలో వెలిగే చుక్కతో గురి చూపే రెడ్ డాట్ సైటును బిగిస్తారు. అందులోని ఎర్రచుక్క, బ్యారెల్ నడిమి గీతకు సుమారు రెండున్నర సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. కంటి నుంచి చుక్క మీదుగా సాగే చూపు తిన్నని గీత. తూటా మాత్రం బ్యారెల్ దాటిన క్షణం నుంచే గురుత్వాకర్షణ వల్ల కిందికి వంగుతూ పోతుంది. దామలచెరువు తోటలో తోతాపురి కాయను రాయితో కొట్టే పిల్లవాడు కాయకన్నా కాస్త పైకి విసిరినట్లే, బ్యారెల్ చూపురేఖకన్నా రవ్వంత పైకి ఎత్తి ఉండేలా సైటు మరలను సవరించి, రెండు దారులనూ ఒక నిర్ణీత దూరంలో కలుపుతారు. దీన్నే జీరో చేయడం అంటారు.

తిరుపతిలో 10 మీటర్ల ఎయిర్ పిస్తోలు సాధన చేసే విద్యార్థులకు ఆ దూరం ఎంత ఉండాలన్న చిక్కు లేదు. ఒలింపిక్ పోటీల నియమాలు రెడ్ డాట్‌ను ఒప్పుకోవు, పైగా వారి దూరం ఎప్పుడూ ఒకటే. దూరం మారుతూ ఉండేవారికే ఈ లెక్కతో పని.

తూటా వేగం సెకనుకు 350 మీటర్లు అనుకొని, గాలి నిరోధాన్ని పక్కనపెట్టి చూద్దాం. 5 మీటర్ల దగ్గర జీరో చేస్తే, 25 మీటర్ల దగ్గర తూటా గురికి 8 సెంటీమీటర్లు పైన తగులుతుంది. 10 మీటర్ల దగ్గర చేస్తే ఆ తేడా రెండుంబావుకు తగ్గుతుంది. 25 మీటర్ల దగ్గరే చేస్తే మాత్రం ఒక చక్కని సంగతి బయటపడుతుంది: తూటా దారి తన శిఖరం దగ్గర చూపురేఖను కింది నుంచి తాకి దిగిపోతుంది, అందువల్ల 20 నుంచి 30 మీటర్ల వరకు తేడా మిల్లీమీటరును మించదు. 10 మీటర్ల దగ్గర 0.9, 5 మీటర్ల దగ్గర 1.6 సెంటీమీటర్లు కిందికి తగలడం పెద్ద నష్టమేమీ కాదు. నా ఓటు దీనికే.

దగ్గర జీరోలో మరో ప్రమాదం ఉంది. 5 మీటర్ల దగ్గర కంటికి ఆనని 1 సెంటీమీటరు పొరపాటు 25 మీటర్లకు 5 సెంటీమీటర్లవుతుంది. చోటు చాలనివారు 10 మీటర్ల దగ్గరే, గురికి 0.9 సెంటీమీటర్లు కిందికి తగిలేలా సవరించుకొని, వీలైనప్పుడు 25 మీటర్లలో సరిచూసుకోవచ్చు. తిరుపతి మే ఎండకు తూటాను పేల్చే మందు వేడెక్కి వేగం సెకనుకు 10 మీటర్లు పెరిగినా, 25 మీటర్ల దగ్గర తేడా ఒకటిన్నర మిల్లీమీటరును దాటదు; 3 నిమిషాల కోణమున్న (నిమిషమంటే డిగ్రీలో 60వ వంతు) చుక్క ఆ దూరంలో 2.2 సెంటీమీటర్ల వెడల్పును కప్పేస్తుంది కనుక అది కనబడను కూడా కనబడదు.