బస్తా తూకం, కంప్యూటర్ కూడిక

పలాస.

చిరంజీవులు బుల్లికీ చిన్నాకీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న పైథాన్ అనే కంప్యూటర్ భాషలో జీడిపిక్కల లెక్క రాశారు కదా. ఒక బస్తా 80 కిలోలు, ఇంకోటి 75. కూడితే 8075 వచ్చింది. "ఏటి తాతా, దీనికి కూడికలు రావా?" అంది బుల్లి. అంతలో కరెంటు పోయింది. ఆ జవాబే ఇది.

మీరు కొట్టింది ఎనభై కాదర్రా. 8 అనే గుర్తు, దాని పక్కన 0 అనే గుర్తు. కీబోర్డు నుంచి వచ్చేదంతా పైథాన్‌కి అక్షరాల దండే, అంటే స్ట్రింగ్. దండల్ని కూడమంటే ఒకదానికొకటి ముడేస్తుంది. ముందు దాన్ని "ఇంట్" (int)కి ఇచ్చి సంఖ్యగా మార్పించాలి.

ఆ మార్పు ఎలాగో కాగితం మీద చేసి చూడండి. మిషన్ లోపల 0 అనే గుర్తుకి 48, 9కి 57. గుర్తు సంఖ్యలోంచి 48 తీసేస్తే విలువ మిగులుతుంది. "320" తీసుకుని సున్నాతో మొదలుపెట్టండి. అంకె వచ్చినప్పుడల్లా చేతిలో ఉన్నదాన్ని పదితో హెచ్చించి కలపండి: 3, తర్వాత 32, తర్వాత 320. తెలుగు అంకెలకీ యూనికోడ్‌లో, అంటే అన్ని లిపుల గుర్తులకీ సంఖ్యలిచ్చే పట్టికలో, వరసగా చోటుంది, ౦కి 3174, ౯కి 3183. పైథాన్‌లో ఇంట్‌కి ౩౨౦ అని ఇచ్చినా 320 అనే చదువుతుంది. అది చూసిన రోజు నాకెంత సంతోషమేసిందో!

జీడిపప్పు డబ్బా మీద "డబ్ల్యూ320" అని ఉంటుంది, పౌను తూకానికి 300 నుంచి 320 పప్పులని. దాన్ని అలాగే ఇస్తే ఇంట్ "వాల్యూఎర్రర్", అంటే ఇచ్చిన విలువ తప్పు, అని ఆగిపోతుంది. విసుక్కోకండి, ఆగడమే మంచిది. సీ అనే ఇంకో కంప్యూటర్ భాషలో ఇదే పనికి ఏటోఐ (atoi) అని ఒకటుంది, అది చదవలేకపోతే సున్నా ఇచ్చేస్తుంది. నేను లెక్కలు రాసే రోజుల్లో, వానకి తడిసిన చీటీలో తూకం కనబడక సున్నా వేసేశాను. సున్నా అంటే సరుకు రాలేదనే కదా అర్థం! ఉద్దానం రైతుకి ఆ బస్తా డబ్బు వారం ఆలస్యమైంది. ఆయన గుమ్మంలో నిలబడి అడిగిన తీరు ఇంకా మర్చిపోలేదు.

ఫోన్ నంబర్లు మాత్రం మార్చొద్దు. వాటిని కూడే పని లేదు, పైగా ముందున్న సున్నా ఎగిరిపోతుంది.

ఇప్పుడు మీ ప్రోగ్రాంలో డబ్ల్యూని తీసేసి మిగతాది ఇంట్‌కి ఇవ్వండి. ఖాళీగా ఎంటర్ కొడితే ఏమవుతుందో కూడా చూసి, నాకు రాయండి.

మీ తాతయ్య