పీఎం కిసాన్ డబ్బులు ఎక్కడ ఆగుతున్నాయి: అపోహలు, వాస్తవాలు

అపోహ: దరఖాస్తులో రాసిన ఖాతాలోనే డబ్బులు పడతాయి.

ఎక్కువ మంది చిక్కుకునేది ఇక్కడే. ఈ డబ్బు ఖాతా నంబరును బట్టి కాదు, ఆధార్‌ను బట్టి వెళ్తుంది. ఒక ఆధార్‌కు ఎన్ని ఖాతాలున్నా, ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) రికార్డులో చివరగా సీడింగ్ (ఆధార్ డబ్బు చేరాల్సిన బ్యాంకుగా నమోదు) అయిన బ్యాంకు ఒక్కటే ఉంటుంది. ఎవరో చెప్పారని జీరో బ్యాలెన్స్ ఖాతా తెరిచి, ఫారంలో డీబీటీ (ప్రభుత్వ డబ్బు నేరుగా ఖాతాలో వేయడం) గడి దగ్గర టిక్కు పెట్టి వేలిముద్ర వేస్తే, తర్వాతి విడత అందులోకే పోతుంది. రైతేమో పాత పాసుబుక్కు ఎంట్రీ చేయించుకుని "పడలేదు" అని తిరిగి వస్తాడు.

మై ఆధార్ సైటులో ఓటీపీతో లాగిన్ అయి ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ నొక్కితే బ్యాంకు పేరు, యాక్టివ్‌గా ఉందో లేదో కనిపిస్తుంది. ఇన్‌యాక్టివ్ అని ఉంటే బ్యాంకుకు వెళ్లి "ఆధార్ లింకు చేయండి" అని మాత్రం అనకండి. కేవైసీ (ఖాతాదారు గుర్తింపు) కోసం లింకు చేసి పంపించేస్తారు, సీడింగ్ మాత్రం జరగదు. "డీబీటీ కోసం ఎన్‌పీసీఐ సీడింగ్ చేయాలి" అని అడిగి, సమ్మతి పత్రం ఇచ్చి, కొన్ని రోజులయ్యాక మళ్లీ అదే పేజీలో చూసుకోవాలి.

అపోహ: ఈ-కేవైసీ అయిపోతే ఇక ఢోకా లేదు.

మూడు తాళాల్లో అదొకటి మాత్రమే. పీఎం కిసాన్ సైటులో రిజిస్ట్రేషన్ నంబరు కొట్టి స్టేటస్ తెరిస్తే ల్యాండ్ సీడింగ్ (భూమి రికార్డు జతచేయడం), ఈ-కేవైసీ, ఆధార్ బ్యాంక్ సీడింగ్ అని మూడు ఉంటాయి. మూడింటికీ ‘ఎస్’ ఉండాలి. ల్యాండ్ సీడింగ్ దగ్గర ‘నో’ ఉంటే బ్యాంకు చుట్టూ తిరిగి లాభం లేదు. పాసుపుస్తకం, ఆధార్ పట్టుకుని ఆంధ్రాలో రైతు సేవా కేంద్రానికి, తెలంగాణలో ఏఈవో (వ్యవసాయ విస్తరణాధికారి) దగ్గరకు వెళ్లాలి. వేలిముద్రలు అరిగిపోయిన పెద్దవాళ్లకు మొబైల్ యాప్‌లో ముఖం చూపించి ఈ-కేవైసీ చేసే వీలుంది. వాళ్లను మిషను దగ్గర పదిసార్లు వేలు నొక్కించి ఏడిపించకండి.

అపోహ: ఎకరాల లెక్కన ఇస్తారు.

అలా ఇచ్చేది తెలంగాణ రైతు భరోసా, ఎకరానికి సీజనుకు 6,000. పీఎం కిసాన్ కుటుంబం లెక్క: ఏడాదికి 6,000, మూడు విడతల్లో 2,000 చొప్పున. అరెకరం ఉన్నా పదెకరాలున్నా అంతే. భార్యాభర్తలు, మైనరు పిల్లలు కలిపి ఒక కుటుంబం. ఇద్దరి పేరా పట్టా ఉన్నా ఒక్కరికే వస్తుంది.

ఆంధ్రాలో అన్నదాత సుఖీభవ కింద రాష్ట్రం ఇచ్చే 14,000 దీనికి అదనం, మొత్తం 20,000. 2025 ఆగస్టు 2న ఇచ్చిన 7,000లో 5,000 రాష్ట్రానివి, 2,000 కేంద్రానివి. ఒకటి పడి ఇంకొకటి పడకపోతే పడని పథకం స్టేటసే చూడాలి.

అపోహ: ఐటీ రిటర్ను వేస్తే అనర్హులే.

నిబంధన పన్ను కట్టినవారి గురించి. లోను కోసం పన్నేమీ లేకుండా వేసిన రిటర్ను వేరు. అయితే భర్త పన్ను కడుతుంటే భార్య పేరున్న పొలానికీ రాదు.

అపోహ: భూమి ఎప్పుడు కొన్నా అర్హతే.

2019 ఫిబ్రవరి 1 నాటికి రికార్డుల్లో పేరుండాలి. ఆ తర్వాత కొన్న భూమికి రాదు. పట్టాదారు చనిపోయి వారసులకు వచ్చిన భూమికి మినహాయింపు ఉంది, కానీ మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) జరిగి కొత్త పాసుపుస్తకం రావాలి. తండ్రి పోయాక కూడా ఆయన ఖాతాలో పడేవి తీసుకుంటూ కూర్చుంటే తర్వాత తిరిగి కట్టాల్సి వస్తుంది. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకుని విరాసత్‌కు (వారసుల పేరిట భూమి మార్పుకు) వెంటనే దరఖాస్తు పెట్టుకోవాలి.

కౌలు రైతుకు మాత్రం పీఎం కిసాన్ లేదు. దున్నేది అతనైనా డబ్బు పట్టా ఎవరి పేరుంటే వారికే పోతోంది. ఈ పథకంలో పెద్ద లోటు ఇదే.

విడత దగ్గర పడేకొద్దీ వాట్సాప్‌లో ‘పీఎం కిసాన్’ పేరుతో ఏపీకే ఫైళ్లు (ఫోన్‌లో యాప్ ఎక్కించేవి) తిరుగుతాయి. అవి తెరిస్తే ఖాతా ఖాళీ అవుతుంది. అనుమానం ఉంటే 155261కు ఫోన్ చేయండి.