ఇంటి పని ఎందుకు ఆగిందంటే

చిరంజీవులైన మనవరాలికి, మనవడికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో “సంక్రాంతికల్లా ఇల్లు రెడీ అన్నారుగా తాతయ్యా, హాలు నిండా ఇంకా ఆ కర్రలేంటి?” అని అడిగారు. మీ నాన్న “ఏదో గోడ ప్రాబ్లంలే” అని ఫోను పెట్టేశాడు. మీరు అడిగింది మంచి ప్రశ్న, దానికి సరైన జవాబు చెప్పాలనిపించింది. రేపు మీరు కూడా పాత ఇల్లో పాత ఫ్లాటో చేతికి తీసుకుంటారు. గోడ విప్పగానే ఇలాంటిదేదో బయటపడుతుంది. ఉద్యోగమంతా కట్టడాల దగ్గర ఓవర్సీరుగా గడిపినవాణ్ణి కాబట్టి, నాకు తెలిసింది మీకు చెప్పి ఉంచుతాను.

మన పాత పెంకుటింట్లో బాబాయి అనుకున్న పని చిన్నదే. హాలుకీ తూర్పు గదికీ మధ్య గోడ తీసేసి ఒకే పెద్ద హాలు చెయ్యడం, వంటిల్లు మార్చడం, వైరింగు కొత్తగా లాగడం, రంగులు. మధ్య గోడ ఉత్త అడ్డగోడేనని అందరూ అనుకున్నారు. మేస్త్రి సుత్తి పట్టేముందు అటక ఎక్కి చూద్దామన్నాను. చూస్తే రెండు దూలాల కొసలు సరిగ్గా ఆ గోడ మీదే కూర్చుని ఉన్నాయి.

ఇది బాగా గుర్తుపెట్టుకోండి. గోడ లావును బట్టి అది బరువు మోస్తోందో లేదో చెప్పలేం. తొమ్మిదంగుళాల గోడ ఊరికే నిలబడి ఉండొచ్చు, దాని పక్కన సన్నటి స్తంభం కప్పునంతా మోస్తుండొచ్చు. పైకెక్కి వాసం దేనిమీద ఆనింది, ఆ దూలం దేనిమీద ఆనింది అని కంటితో వెతుక్కుంటూ కిందికి, పునాది దాకా రావాలి. మన ఇంటి మీద ఉన్నది మంగుళూరు పెంకు. కింది కర్ర పట్టీలతో కలిపి చదరపు మీటరుకు రమారమి 70 కిలోలు తూగుతుంది. పన్నెండడుగులకు పదిహేనడుగుల గది మీద లెక్కేస్తే టన్నుకు పైమాటే, దూలాల బరువు కాక. ఆ గోడను ఆదరాబాదరాగా తీసేసి ఉంటే అంత బరువూ గాల్లో ఉండేది.

సరే, గోడను ఊరికే తీసేయకుండా దాని స్థానంలో ఇనుప దూలం వేద్దామని ఇంజనీరును పిలిచాం. ఆయన కొలతలు తీసుకుంటూ పాత దూలం కొసను స్క్రూడ్రైవరుతో పొడిచాడు. పిడి దాకా దిగిపోయింది. కింద నుంచి చూస్తే వార్నిషు మెరుస్తూ నున్నగా ఉన్న దూలమే. గోడలోకి దూరిన జానెడు మాత్రం తడిసిన బిస్కెట్టులా వేళ్ళకు రాలిపోయింది. అక్కడినుంచి రెండడుగులు ఇవతలకు వచ్చి పొడిస్తే గింజంత కూడా దిగలేదు. సుత్తితో తడితే మంచి చోట ఖంగుమంది, చెడ్డ చోట డొల్లగా పలికింది.

మంచి టేకు అంత తొందరగా పాడవదు. కర్రలో తేమ 20 శాతం దాటి చాలాకాలం నిలిస్తేనే బూజు దాన్ని తినగలుగుతుంది. చెదలకైనా చెమ్మే దారి చూపిస్తుంది. అంటే ఆ కొసకు ఎక్కడినుంచో నీరు అందుతోందన్నమాట. మీ నాన్నకు దూలం మార్చేస్తే చాలుననిపించింది. నేను ఒప్పుకోలేదు. మండువాలో రెండు వాలులు కలిసే చోట నీళ్ళు జారడానికి ఒక రేకు ఉంటుంది చూడండి, దానికి పెంకు కింద కనబడకుండా సన్నటి చిల్లు పడింది. వర్షం పడ్డప్పుడల్లా ఆ నీరు గోడ నెత్తిమీద దిగి, దూలం కొసను తడుపుతూ వచ్చింది. రేకు మార్చకుండా కొత్త దూలం వేస్తే మీ పిల్లల కాలానికి మళ్ళీ ఇదే పని.

మనవరాలా, నువ్వు సివిల్ ఇంజనీరింగు చదువుతున్నావు కాబట్టి కొంచెం ఎక్కువ చెబుతాను. పాత ఇంట్లో ఏ లోపం బయటపడినా నేను రెండే రెండు ప్రశ్నలు వేసుకుంటాను. బరువు ఎటు పోతోంది? నీరు ఎటునుంచి వస్తోంది? ఈ రెంటికీ జవాబు దొరికేదాకా మరమ్మతు జోలికి పోవద్దు. జవాబు దొరికేలోగా కప్పు నిలబడాలి కదా, మీరు చూసిన కర్రలు అందుకే.

అవి సరుగుడు బాదులు, కొన్ని ఇనుప జాకీలు. గోడకు రెండు వైపులా దూలాల కింద పెట్టాం. ఒకవైపే పెడితే రెండోవైపు ఊగుతుంది. బాదు నేరుగా గచ్చు మీద నిలబెడితే బరువంతా ఒకే చోట పడి గచ్చు కుంగుతుంది, అందుకని కింద మందపాటి పలక వేసి, బాదుకూ పలకకూ మధ్య చెక్క ముక్కలు దోపి బిగించారు. రోజూ పొద్దున్నే బాబాయి ఒక్కొక్కటీ తట్టి చూస్తాడు, వదులైతే మళ్ళీ బిగిస్తారు. కర్ర ఎండేకొద్దీ సన్నబడుతుంది, మొదటిరోజు బిగుతు వారానికి ఉండదు. పని ఆగిందని, కూలీలకు ఊరికే డబ్బు పోతోందని మీ నాన్నకు టెన్షన్. అది నాకు అర్థం కాక కాదు. 2013 జూలైలో సికింద్రాబాదులో పాత భవనం ఒకటి పొద్దుటిపూట కూలి పదిమందికి పైగా ప్రాణాలు పోయాయి. పాత కట్టడం ఎప్పుడు కూలాలో మనల్ని అడిగి నిర్ణయించుకోదు. ముందు దన్ను పెట్టాలి, ఖర్చు సంగతి తరవాత మాట్లాడుకోవచ్చు. ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను.

దూలం మొత్తం పారెయ్యలేదు. పుచ్చిన మేర కోసేసి, అంతే మందం ఉన్న పాత టేకు ముక్క జోడించి, రెండు పక్కలా ఇనుప ప్లేట్లు వేసి బోల్టులు బిగించారు. కొస ఆనేచోట గోడలో చిన్న కాంక్రీటు దిమ్మె పోశారు, బరువు నాలుగు ఇటుకల మీద పడకుండా పరుచుకోవడానికి. కొస చుట్టూ వేలెడు సందు వదిలించాను. మేస్త్రి దాన్ని సిమెంటుతో నింపేయబోయాడు. కర్రకు గాలి ఆడకపోతే తడి లోపలే ఉండిపోతుంది.

ఇక కింది చెమ్మ. హాలు గోడలు మోకాలి ఎత్తు దాకా పెచ్చులు ఊడి, తెల్లగా ఉప్పు పొంగుతుండేవి, మీరూ చూశారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారినప్పటినుంచీ మన గోదావరి డెల్టాలో నేల కింద నీరు దగ్గరే. చెమ్మకూ వరదకూ భయపడే పెద్దలు అరుగులు అంత ఎత్తుగా కట్టుకున్నారు. నేను చిన్నప్పుడు వీధిలోంచి అరుగు ఎక్కాలంటే మెట్లు ఉండేవి. తారు రోడ్డు వేశారు, దానిమీద సిమెంటు రోడ్డు, దానిమీద ఇంకో పొర. పాతది తవ్వి వేసిన పాపాన ఎవరూ పోలేదు. ఇప్పుడు వీధీ అరుగూ దాదాపు ఒకటే ఎత్తు. వాన నీరు గోడ వారగా నిలబడి పునాదిలోకి ఇంకుతోంది. ఇది మన ఒక్క ఇంటి బాధ కాదు, ఏ ఊళ్ళో పాత వీధికి వెళ్ళినా కనబడుతుంది, నాకు చాలా బాధ కలిగించే విషయం.

దీనికి తోడు, ఎప్పుడో పెచ్చులు కనపడకూడదని ఆ గోడలకు సిమెంటు పూత పూసి ఆయిలు పెయింటు వేశారు. మన గోడలు మట్టి అడుసుతో పేర్చిన ఇటుక గోడలు, పైన డంగు సున్నం. సున్నపు పూతలోంచి చెమ్మ ఆవిరై బయటికి పోతుంది. సిమెంటు పూత ఆ దారి మూసేసింది. దారి లేక నీరు ఇంకా పైకి ఎక్కింది, పూత వెనకాల ఇటుక పొడి పొడి అయింది. ఇప్పుడా సిమెంటంతా గీకి తీసేస్తున్నారు. వీధివైపు గోడ వారగా కాలువ తీసి కంకర నింపి, నీరు మురుగుకాలువలోకి పోయేట్టు చేశాం. గోడలు ఆరాక మళ్ళీ సున్నమే పూస్తాం. సున్నం పని తెలిసిన మేస్త్రి దొరకడం కష్టమైంది, పక్క మండలంలో ఒక పెద్దాయన దొరికాడు. ఆయన సున్నం నానబెట్టి, కరక్కాయ నీళ్ళూ బెల్లం నీళ్ళూ పోసి కలుపుతుంటే కుర్ర మేస్త్రీలు పని మానేసి చూస్తున్నారు. వచ్చినప్పుడు మీరూ చూడండి.

వైరింగు గురించి ఒక్క మాట. పైపులు దాచడానికి గోడకు అడ్డంగా గాడి కొడతానన్నాడు ఎలక్ట్రీషియను. మట్టి అడుసు గోడకు అడ్డంగా గాడి కొడితే గోడను సగం కోసినట్టే. పైనుంచి కిందికి, లోతు తక్కువగా మాత్రం కొట్టమన్నాం. మిగతాది గోడ మీదే పట్టీలో పోతుంది, అందం కొంచెం తగ్గినా సరే.

బీటల సంగతికి వస్తే, అన్ని బీటలకూ భయపడక్కర్లేదు. ఉత్తరం గోడలో నిలువుగా గీత గీసినట్టున్న బీట ఉంది. పూత తీస్తే తెలిసింది, అక్కడ ఒకప్పుడు తలుపు ఉండేది, చౌకట్టు పీకి ఇటుకలతో మూసేశారు. పాత గోడా కొత్త ఇటుకా ఒకదానికొకటి పట్టుకోలేదు, అంతే. ఈశాన్యం మూల బీట వేరు. అది మెట్లు మెట్లుగా ఏటవాలుగా పైకి పోయి, పైకి పోయేకొద్దీ వెడల్పయింది. మూల కుంగుతోందని అర్థం. ఆ బీటకు అడ్డంగా సన్నటి గాజు ముక్కలు పెట్టి రెండు కొసలూ అతికించి, పక్కన తేదీ రాసి పెట్టాను. గాజు పగిలితే గోడ ఇంకా కదులుతోందన్నమాట. ఒకటి పగిలింది. వెతికితే స్నానాలగది తూము పైపు నేలలో విరిగి, ఆ నీరంతా పునాది కింద మట్టిని మెత్తబరుస్తోంది. పైపు మార్చాం. నల్లమట్టి వానకు ఉబ్బి ఎండకు ముడుచుకుంటుంది కాబట్టి ఒక వానాకాలం, ఒక ఎండాకాలం చూసిగాని ఆ బీట పూడ్చొద్దన్నాను. పునాది బలపరచాల్సి వస్తే మాత్రం గోడ పొడవునా ఒకేసారి తవ్వనివ్వను. నాలుగేసి అడుగుల ముక్కలుగా, ఒకటి వదిలి ఒకటి తవ్వాలి.

పెరట్లో వంటిల్లు 1980ల్లో వేసిన స్లాబు. పాత పెంకుటింటి కంటే అదే ఎక్కువ పాడైంది. పెచ్చులు ఊడి చువ్వలు బయటపడ్డాయి. కాంక్రీటులోని క్షారగుణం ఇనుముకు తుప్పు పట్టకుండా కాపాడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడు ఏళ్ళ తరబడి లోపలికి ఇంకి ఆ గుణాన్ని చంపేస్తుంది. చువ్వ మీద కాంక్రీటు పలచగా ఉంటే అది ఇంకా తొందరగా జరుగుతుంది. తుప్పు పట్టిన ఇనుము అసలుకు రెండు మూడింతలు ఉబ్బి పైనున్న కాంక్రీటును నెట్టి పగలగొడుతుంది. ఆ చోట మళ్ళీ సిమెంటు మెత్తడం డబ్బు దండగ. డొల్ల పలికినంత మేరా కొట్టేసి, తుప్పు గీకి, చువ్వ ఎంత మిగిలిందో కొలవాలి. మన వంటింట్లో చువ్వలు కొన్నిచోట్ల పుల్లల్లా అయిపోయాయి. ఆ స్లాబు కొట్టేసి కొత్తది పోస్తున్నాం.

డబ్బు విషయం. అనుకున్న ఖర్చుకు ఐదో వంతు అదనంగా పక్కన పెట్టుకోకుండా పాత ఇంటి జోలికి పోకండి, అది లేకే చాలామంది లోపాన్ని పూతతో కప్పేసి ముందుకుపోతారు. కాంట్రాక్టు రాసుకునేటప్పుడే, ఊహించనిది బయటపడితే రేటు ఎలా కడతారో రాయించండి. ఫోటోలు చూసి సలహా ఇచ్చే ఇంజనీరు వద్దు, అటక ఎక్కేవాణ్ణి పిలవండి. ఏ పొర విప్పినా మూసేముందు స్కేలు పక్కన పెట్టి ఫోటో తీసి దాచండి.

చిన్నోడా, “మొత్తం కూల్చేసి కొత్తది కట్టొచ్చుగా” అన్నావు. అన్నందుకు నాకు కోపం రాలేదు. గోడలన్నీ నిలువు తప్పి ఉంటే, పునాది అంతటా కుంగి ఉంటే నేనే కూల్చెయ్యమనేవాణ్ణి. మన ఇంటికి ఒక దూలం కొస, ఒక మూల, ఒక రేకు, కింది పూత పాడయ్యాయి. మిగిలిన టేకంతా ఇనుములా ఉంది. అలాంటి కర్ర ఇప్పుడు కొనాలంటే మీ నాన్న జీతం చాలదు. వేసవిలో కూడా చల్లగా ఉండే గదులు పడగొట్టి ఏసీ పెట్టుకోవడం నాకు సమ్మతం కాదు.

సెలవులకు వచ్చేటప్పుడు చెప్పులు కాకుండా బూట్లు తెచ్చుకోండి, ఎక్కడ చూసినా మేకులే. ఆ బాదుల్లో ఒక్కదాన్ని కూడా ముట్టుకోవద్దు, చిన్నోడికి మరీ మరీ చెబుతున్నాను. మనవరాలు లేజరు టేపు ఒకటి తెస్తే ఈశాన్యం గోడ నిలువు ఎంత తప్పిందో ఇద్దరం కలిసి కొలుద్దాం. రెండో గాజు ముక్క ఇంకా పగల్లేదు. పగిలితే వెంటనే ఫోను చేస్తాను.

ఇట్లు,
మీ తాతయ్య