మేక వేషం కట్టే చిన్నోడికి, వాడి అక్కకి

చిన్నోడా, చిట్టితల్లీ,

యూదుల హనుక్కా పండక్కి మీ స్కూల్లో వేసే నాటకంలో చిన్నోడికి మేక వేషం ఇచ్చారని మీ అమ్మ చెప్పింది. "తాతయ్యా, నాకున్న డైలాగు 'మే' ఒక్కటే, అన్నిసార్లూ అదే ఎలా చెప్పాలి?" అని వాడి టెన్షన్. "ఆ పిల్లాడూ మేకా మంచులో మూడు రోజులుంటే చచ్చిపోరా, ఇదంతా అబద్ధం కదా?" అని అక్క అనుమానం. ఫోన్లో తేలే సంగతులు కావు, అందుకే రాస్తున్నా. అమ్మ చేత చదివించుకోండి.

ఆ నాటకానికి మూలమైన కథ రాసింది ఐజాక్ బాషెవిస్ సింగర్. పోలండ్‌లో పుట్టి 1935లో అమెరికా వచ్చాడు, వచ్చాక కూడా తన ఇంటి భాష యిడ్డిష్‌లోనే రాసుకుంటూ పోయాడు, 1978లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఈ మేక కథ 1966లో ఆయన కథల పుస్తకంలో వచ్చింది. కథలో పిల్లాడి పేరు ఆరన్, వాళ్ళ నాన్న బొచ్చుకోట్లు కుట్టి అమ్ముకునేవాడు. ఆ ఏడు చలే లేదు, కోట్లు కొనేవాళ్ళూ లేరు. పండగేమో వచ్చేసింది. హనుక్కాకి ఎనిమిది రాత్రులు రోజుకొకటి చొప్పున కొవ్వొత్తులు పెంచుకుంటూ వెలిగిస్తారు, వాటిని అంటించడానికి రోజూ ఇంకొకటి విడిగా కావాలి, మొత్తం ఎన్నవుతాయో కూడి చూడండి, నలభై నాలుగు! ఎప్పుడో రెండు వేల ఏళ్ళ కిందట జెరూసలేం గుడిలో ఒక్కరోజుకి సరిపడే నూనె ఎనిమిది రోజులు వెలిగిందంటారు, అందుకని ఆ పండక్కి నూనెలో వేయించినవే తింటారు. కొవ్వొత్తులు, బంగాళాదుంపలు, నూనె అన్నీ కొనాలి, చేతిలో డబ్బుల్లేవు. ముసలిదైపోయిన జ్లాటె అనే మేకని కసాయికి ఎనిమిది గుల్డెన్లకి, అంటే అక్కడి నాణేలకి, అమ్మేద్దామని నిర్ణయించి, తోలుకెళ్ళమని ఆరన్‌ని పంపాడు నాన్న. ఆయన్ని చెడ్డవాడు అనుకోకండి. పిల్లలకి పండగ చేయాలన్న తండ్రికి వేరే దారి కనపడలేదు, అంతే.

దారిలో మంచు తుఫాను వచ్చింది, దారి తప్పారు, మంచు కప్పేసిన గడ్డివాము ఒకటి కనపడితే అందులో దూరారు. అక్కా, నీ అనుమానం ఇక్కడేగా.

మన ఇంట్లో నాయనమ్మ పాతచీరలతో కుట్టిన బొంత గుర్తుందా? బొంతలో వేడి ఏమీ ఉండదు, వేడి నీ ఒంట్లోనే ఉంది, దాన్ని బయటికి పోనివ్వకుండా పట్టుకోవడమే బొంత పని. పొరకీ పొరకీ మధ్య చిక్కుకున్న గాలి కదలదు, కదలని గాలి వేడిని సులువుగా దాటనివ్వదు. గడ్డివాము కూడా పెద్ద బొంతే, పోచకీ పోచకీ మధ్య అంతా గాలే. దాని మీద పడ్డ మంచు చల్లగానే ఉంటుంది కానీ పొడిమంచులోనూ గాలే ఎక్కువ, అంటే బొంత మీద ఇంకో బొంత. ఆ బొంతలో నువ్వొక్కదానివే పడుకోవడం వేరు, పక్కన నాయనమ్మ ఉండటం వేరు కదా! ఆరన్ పక్కన జ్లాటె ఉంది. మన ఒళ్ళు 98.6 డిగ్రీలుంటే మేకకి మామూలుగానే 102 దాటి ఉంటుంది, పైగా తిన్న గడ్డి దాని కడుపులో పులుస్తుంటే లోపల వేడి పుడుతూనే ఉంటుంది. తల నిండా బొంత కప్పుకుంటే ఊపిరాడక ముక్కు బయట పెడతావు చూడు, ఆరన్ కూడా అంతే, చేతికర్రతో మంచులో కన్నం చేశాడు. మేకకి తిండి చుట్టూరా ఉంది. అది గడ్డి మేసింది, వాడు దాని పాలు తాగాడు. అబద్ధం ఏముంది ఇందులో?

ఇంక చిన్నోడా, నీ సంగతి. మా ఇంట్లోనూ ఒక పాలమేక ఉండేది. రోజూ చెరువుగట్టు మీద తుమ్మకాయలు ఏరి నేనే పెట్టేవాణ్ణి. ఒక సంక్రాంతి ముందు మా నాన్న దాన్ని సంతకి తోలుకెళ్దామన్నాడు. పలుపు నా చేతిలో ఉంటే లాగే పనే లేకుండా వెనకాలే వచ్చింది. బేరగాళ్ళు తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ధర తేల్చేసుకున్నారు, నాకు ఒక్క ముక్క తెలియలేదు. పలుపు చేతులు మారినప్పుడు అది నా వైపు తిరిగి అరిచింది. తుమ్మకాయల కోసం పొద్దున్నే అరిచే అరుపు నాకు తెలుసు, పిల్ల కనపడకపోతే అరిచేదీ తెలుసు, ఇది ఆ రెండూ కాదు. తిండి పెట్టిన చేతిని జంతువు మారు మాట లేకుండా నమ్ముతుందిరా, ఆ నమ్మకానికి మనం తగ్గట్టు ఉండాలి.

కాబట్టి నీది ఒకే డైలాగు కాదు. కసాయి దగ్గరికి నడిచేటప్పుడు ఎక్కడికని అడిగే మే, తుఫానులో బెదిరిన మే, గడ్డివాములో కడుపు నిండిన మే, అన్నీ వేరు. 1973లో జీన్ డైచ్ ఈ కథని సినిమా తీశాడు, టామ్ అండ్ జెర్రీ కార్టూన్లు పదమూడు చేసినాయనే, కానీ ఇది బొమ్మల సినిమా కాదు, నిజం మేక, నిజం పిల్లాడు. సినిమావాడికి మంచు చూపించే వీలుంది, మేక కళ్ళని దగ్గరగా చూపించే వీలుంది. స్టేజీ మీద మీకు అవేవీ లేవు, గడ్డివాములో చీకటి, ఆరన్ మాటలు, నీ గొంతు, అంతే. మూడు రోజులు గడిచాయని చూసేవాళ్ళకి తెలియాల్సింది దాంతోనే.

నాలుగో రోజు బండి గంటలు వినిపించి బయటికొచ్చాక, ఆరన్ కసాయి వైపు కాకుండా ఇంటి వైపు నడిచాడు కదా. ఆ మంచు వల్లే చలి పెరిగి నాన్న కోట్లకి మళ్ళీ గిరాకీ వచ్చింది. పిల్లాణ్ణి చంపబోయిన మంచే ఇంట్లో పొయ్యి వెలిగించింది! ఇది ఎందుకలా అని నన్నడగొద్దు, నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఈ ఆదివారం నాన్నతో మేకలున్న ఫారం ఏదైనా ఉంటే వెళ్ళండి. చిన్నోడా, నోరు చూడకు, చెవులు చూడు, అరిచే ముందు అవి ఎటు తిరుగుతాయో చూడు. అక్కా, నువ్వు దాని పొట్ట పక్కన చెయ్యి పెట్టి కాసేపు ఉంచు. ఏం తెలిసిందో నాకు రాయండి.

మీ తాతయ్య