బొగ్గుకు హైడ్రోజన్ ఎక్కడి నుంచి? రామగుండం నేపథ్యం

బొగ్గును వాయువుగా మార్చే (గ్యాసిఫికేషన్) ప్రాజెక్టులకు 8,500 కోట్ల రూపాయల ప్రోత్సాహకాన్ని కేంద్ర మంత్రివర్గం 2024 జనవరిలో ఆమోదించింది. సింగరేణి ప్రాంతంలోని గోదావరిఖని, భూపాలపల్లి బొగ్గును హైడ్రోజన్‌తో కలిపి నేరుగా మీథేన్ వాయువుగా మార్చడం ఎంతవరకు సాధ్యమో తేల్చుకోవాలంటే ముందుగా రామగుండం అనుభవాన్ని గుర్తు చేసుకోవాలి.

అక్కడ ఫెర్టిలైజర్ కార్పొరేషన్ బొగ్గే ముడిసరుకుగా ఎరువుల కర్మాగారాన్ని నిర్మించి 1980లో ఉత్పత్తి ప్రారంభించింది. పొడి చేసిన బొగ్గును ఆక్సిజన్, ఆవిరితో కలిపి అధిక ఉష్ణోగ్రతలో అరకొరగా మండించి, వచ్చిన వాయువు నుంచి హైడ్రోజన్‌ను వేరు చేసి, దానితో అమ్మోనియా, యూరియా తయారుచేసేవారు. గ్యాసిఫైయర్ వాతావరణ పీడనం వద్దే పనిచేసేది కనుక, ఆ వాయువును తరువాత కంప్రెసర్లతో ఒత్తిడికి గురిచేయడానికి విస్తారంగా విద్యుత్తు కావలసి వచ్చేది. విద్యుత్ అంతరాయాలు, యంత్రాల ఇబ్బందులు వెంటాడిన ఆ కర్మాగారం 1999లో మూతపడింది. అదే చోట 2021లో మొదలైన కొత్త కర్మాగారం బొగ్గును వదిలి, పైపులైను ద్వారా వచ్చే సహజవాయువుతో నడుస్తోంది.

బొగ్గు నుంచి నేరుగా మీథేన్ (సహజవాయువులోని ప్రధాన భాగం) రాబట్టే దారి ఇందుకు భిన్నమైనది. అధిక పీడనంలో వేడి హైడ్రోజన్‌ను బొగ్గుపైకి పంపితే కార్బన్ దానితో కలిసి మీథేన్ అవుతుంది, పైగా ఆ చర్య స్వయంగా వేడినిస్తుంది. 1930లలో బ్రిటన్‌లో ఎఫ్.జె. డెంట్ దీనిని పరిశోధించారు. 1970లలో, చమురు సంక్షోభ కాలంలో, అమెరికాలో ‘హైగ్యాస్’ పేరుతో షికాగోలో పైలట్ ప్లాంటు నడిచింది. బొగ్గులోని తేలికపాటి భాగం త్వరగా మీథేన్‌గా మారుతుంది కానీ, మిగిలిన చార్ (కార్బన్ ఎక్కువగా ఉండే గట్టి శేషం) మొండికేస్తుంది. అందుకే దానిని ఆవిరితో చర్య జరిపించి హైడ్రోజన్ తయారీకి వాడుకున్నారు. ఈ అమరిక నాకు ఎంతో తెలివైనదిగా కనిపిస్తుంది. అయినా 1980లలో చమురు ధరలు పడిపోవడంతో ఆ ఉత్సాహం చల్లబడింది.

మన బొగ్గుకు ఒక అనుకూలత ఉంది: వేడికి ముద్దగా అతుక్కుపోయే గుణం దీనికి లేదు. బూడిద మాత్రం ఎక్కువ. నలభై శాతం బూడిద ఉన్న టన్ను బొగ్గు వేస్తే నాలుగు వందల కిలోల మట్టిని కూడా పీడనం కిందనే వేడిచేసి బయటకు తీయాలి.

అసలు లెక్క హైడ్రోజన్‌దే. 12 కిలోల కార్బన్‌కు 4 కిలోల హైడ్రోజన్ కలిస్తేనే 16 కిలోల మీథేన్ వస్తుంది. రామగుండంలో బొగ్గును హైడ్రోజన్ కోసమే వాడారు. ఇక్కడ హైడ్రోజన్‌ను తిరిగి బొగ్గుకే ఇవ్వాలి. నీటిని విద్యుత్తుతో విడగొట్టి ఆ 4 కిలోలు సంపాదిస్తే సుమారు 200 యూనిట్లు ఖర్చవుతాయి. ఆ విద్యుత్తు థర్మల్ కేంద్రాల నుంచే వస్తే, 12 కిలోల కార్బన్‌ను గ్యాసు చేయడానికి బాయిలర్లలో వంద కిలోలకు పైగా బొగ్గు కాలుతుంది. కాబట్టి సౌరవిద్యుత్తు చౌకగా, విరివిగా దొరకనిదే ఈ పద్ధతిని సింగరేణి ప్రాంతానికి ప్రతిపాదించడం తొందరపాటు అవుతుంది.