నలభై గజాల పరుగు: వైడ్ రిసీవర్ల విషయంలో అపోహలు, వాస్తవాలు

డాలస్ శివార్లలోని ఒక హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో నేను రిసీవర్లకు, అంటే పరుగెత్తి పాస్‌లు అందుకునే ఆటగాళ్లకు, శిక్షణ ఇస్తున్నాను. వేసవి రాగానే తల్లిదండ్రులు, వారిలో మన తెలుగువారు కూడా, అడిగే మొదటి మాట ఒకటే: "మావాడి ఫార్టీ 4.8 దగ్గరే ఆగిపోయిందండీ, ఇక కాలేజీ వాళ్లు చూడరేమో?" ఫార్టీ అంటే నలభై గజాల పరుగుకు పట్టే సమయం, సెకన్లలో. ఆ గొంతులోని దిగులు నాకు అర్థమవుతుంది. ఆ దిగులు మీద బతికే వాట్సాప్ పుకార్లంటేనే ఓపిక నశిస్తుంది.

అపోహ: నలభై గజాల పరుగే రిసీవర్ జాతకాన్ని రాస్తుంది.

వాస్తవం: 2017 డ్రాఫ్ట్ (వృత్తి లీగ్ ఎన్ఎఫ్ఎల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) ఒక్కటి చూసినా ఈ మాట నిలవదు. ఆ ఏడాది కంబైన్‌లో (డ్రాఫ్ట్‌కు ముందు జరిగే శారీరక పరీక్షల్లో) వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు జాన్ రాస్ 4.22 సెకన్లతో అప్పటికి రికార్డు నెలకొల్పగా, సిన్సినాటి బెంగాల్స్ అతణ్ణి 9వ ఎంపికగా తీసుకుంది. అదే రాష్ట్రంలోని ఈస్టర్న్ వాషింగ్టన్ నుంచి వచ్చిన కూపర్ కప్‌కు 4.62 సెకన్లు పట్టింది. లాస్ ఏంజెలెస్ ర్యామ్స్ అతణ్ణి మూడో రౌండ్‌లో, 69వ ఎంపికగా తీసుకుంది. రాస్ ఏ సీజన్‌లోనూ 30 క్యాచ్‌లకు చేరలేదు. గాయాలు అతణ్ణి వెంటాడాయన్నదీ చెప్పకపోతే అన్యాయమవుతుంది. కప్ మాత్రం 2021లో 145 క్యాచ్‌లు, 1,947 గజాలు, 16 టచ్‌డౌన్‌లతో (బంతిని ప్రత్యర్థి గీత దాటించి చేసే స్కోర్లు) మూడింటా లీగ్‌లో ప్రథముడై, ఆ సీజన్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో అదే బెంగాల్స్‌పై గెలుపు టచ్‌డౌన్ సాధించాడు.

కంబైన్ పరుగులో ఎదురుగా రిసీవర్‌ను అడ్డుకునే కార్నర్‌బ్యాక్ ఉండడు, బంతీ ఉండదు, మలుపూ ఉండదు. ఆటలో రిసీవర్ పూర్తి వేగంలో ఉండగానే నడుము దించి, రెండు మూడు అడుగుల్లో నిలదొక్కుకుని తిరగాలి. అతడు తిరిగేలోపే బంతి, దాన్ని విసిరే క్వార్టర్‌బ్యాక్ చేయి వదిలి ఉంటుంది. ఇది నేను పుస్తకంలో నేర్చుకున్నది కాదు. కోచ్‌గా నా తొలి ఏడాది స్టాప్‌వాచ్‌ను నమ్మి, అందరికన్నా వేగంగా పరుగెత్తిన కుర్రవాణ్ణి మైదానంలోకి దింపి, రూట్‌లో (ముందే నిర్ణయించిన పరుగు దారిలో) ఒక్క అడుగు కూడా వృథా చేయని మరొకణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టాను. మొదటివాడు ఆలస్యంగా తిరగడంతో పాస్‌లు వరుసగా ప్రత్యర్థుల చేతుల్లో పడ్డాయి; నాలుగు మ్యాచ్‌లు ఓడాక గానీ నాకు కళ్లు తెరుచుకోలేదు. బెంచీ మీది కుర్రవాడికి క్షమాపణ చెప్పుకున్నాను.

అపోహ: చిన్న కాలేజీలో చేరితే, లేదా రెడ్‌షర్ట్ అయితే (ఆడే అర్హత కాలాన్ని మిగుల్చుకోవడానికి ఒక ఏడాది మ్యాచ్‌లకు దూరంగా ఉంటే), దారి మూసుకుపోయినట్టే.

వాస్తవం: ఎన్ఎఫ్ఎల్ కెరీర్‌లో క్యాచ్‌ల ద్వారా 22,895 గజాలతో నేటికీ రికార్డు నిలుపుకున్న జెర్రీ రైస్ మిసిసిపీ వ్యాలీ స్టేట్ అనే చిన్న కాలేజీ నుంచి వచ్చాడు. కప్ 2012 అంతా రెడ్‌షర్ట్‌గా గడిపి, తర్వాతి నాలుగేళ్లలో 428 క్యాచ్‌లు పట్టాడు.

అపోహ: చివరి రౌండ్లలో ఎంపికైనవాడు జట్టు నింపడానికే.

వాస్తవం: పూకా నకువా 2023లో 177వ ఎంపిక, తొలి సీజన్‌లోనే 105 క్యాచ్‌లతో 1,486 గజాలు సాధించాడు.

అపోహ: పత్రికల్లో వచ్చే ఒప్పందం మొత్తమంతా ఆటగాడి చేతికి అందుతుంది.

వాస్తవం: గ్యారంటీ ఉన్న భాగమే ఖాయం, మిగిలినది జట్టు అతణ్ణి అట్టిపెట్టుకుంటేనే వస్తుంది.

ఇక 4.8 అబ్బాయి తండ్రిగారికి నేను చెప్పేది ఇంతే: పరుగు వీడియో వద్దండీ, పది గజాల దగ్గర మీవాడు ఆగి తిరిగే వీడియో పక్క నుంచి తీసి పంపండి.